కాగితం మీది యజమాని

నంద్యాల గాంధీచౌక్ వెనక సందులో మాధవయ్యకు గోనెసంచులు, పగ్గాలు, టార్పాలిన్ల అంగడి ఉంది. అంగడి మీదే ఇల్లు. అరవై రెండేళ్లు వచ్చినా ఆయన మీద ఒక్క కేసు లేదు. ఒక్క పార్టీ కండువా ఆయన మెడలో పడలేదు. ఎన్నికలప్పుడు ఎవరు వచ్చి దండం పెట్టినా తిరిగి దండం పెట్టి పంపేసేవాడు. ఈ గుణాలన్నీ చూసే ఆళ్లగడ్డ సుందరరాజు ఆయనను ఒక న్యూస్ చానెల్‌కు యజమానిని చేశాడు.

సుందరరాజు ఒక పార్టీకి రాష్ట్ర ఉపాధ్యక్షుడు. కంకర మిషన్లు, రోడ్డు కాంట్రాక్టులు, ప్లాట్ల వెంచర్లు ఉన్నాయి. వీటన్నిటికీ తోడు హైదరాబాదులో 'ముక్కుసూటి టీవీ' ఉంది. ఆ ఏడాది, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు వార్తా సంస్థలకు యజమానులుగా ఉండరాదని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. నెల తిరక్కుండానే రాష్ట్రంలోని నాయకులందరూ తమ పత్రికలను, చానెళ్లను త్యాగం చేశారు. మొదట భార్యలకు, బావమరుదులకు చేశారు. చుట్టాలు కూడా పనికిరారని సవరణ రావడంతో వంటవాళ్లకు, జాతకాలు చెప్పేవాళ్లకు చేశారు. సుందరరాజు మాత్రం తొందరపడలేదు. చూడగానే మర్యాదస్తుడిలా కనబడేవాడు, నోరు విప్పనివాడు కావాలనుకున్నాడు. ఒకరోజు పొద్దున పదిగంటలకు కారు దిగి నేరుగా అంగట్లోకి వచ్చాడు.

"శెట్టీ, నీ సంతకం గావాల" అన్నాడు.

"దేనికన్నా?"

"టీవీకి."

"మా ఇంట్లో ఉండాది గదన్నా."

"ఆ టీవీ గాదప్పా. లోపల వార్తలు సెప్తారే, ఆ టీవీ."

మాధవయ్యకు అర్థమయ్యేసరికి శ్యాంసుందర్ కాగితాలు పరిచేశాడు. శ్యాంసుందర్ ఆ చానెల్‌కు మేనేజరు. హైదరాబాదు మనిషి. మాధవయ్య సరుకు దించుకునే గోడౌన్ పాణ్యం రోడ్డులో ఉంది, అది సుందరరాజుదే. ఇరవై ఏళ్లుగా అందులో బాడుగకు ఉంటున్నవాడు కాదని ఎట్లా అంటాడు? పదకొండు చోట్ల సంతకం పెట్టాడు. పెట్టే ముందు ఒక్కో కాగితం చదువుతానంటే శ్యాంసుందర్ వాచీ చూసుకున్నాడు. "సదువుకోనీ లేప్పా, దాన్లో ఏముండాది" అన్నాడు సుందరరాజు. మాధవయ్య అన్నీ చదివాడు. మూడో పేజీలో 'ప్రసారమయ్యే ప్రతి వార్త మీద తుది నిర్ణయం యజమానిదే' అని ఉంది. దాని కింద కూడా సంతకం పెట్టాడు.

భార్య మహానందమ్మ విషయం విని పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"టీవీ మనదైతే ఆ నూనె ప్రకటన తీసేయమని సెప్పండి. ఆ పిల్ల జుట్టు ఆడించేది నాకు సూడబుద్ధి గాదు" అంది.

మాధవయ్య అంతకుముందు వార్తలు చూసి ఎరగడు. తన పేరు మీద ఉన్న వస్తువు ఎట్లా ఉందో చూసుకోకపోవడం తప్పనిపించి, రోజూ సాయంత్రం గంటసేపు ముక్కుసూటి టీవీ పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. రెండో వారంలోనే చిక్కు వచ్చింది. ఆళ్లగడ్డలో సుందరరాజు సభ జరిగింది. రెండు లక్షల మంది తరలివచ్చారని చానెల్ చెప్పింది. ఆ సభకు కింద పరిచే టార్పాలిన్లు పంపింది మాధవయ్యే. నలభై పంపాడు. ఒక్కోదాని మీద ఇరుక్కుని కూర్చుంటే నూరుమంది పడతారు.

ఆయన చానెల్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి ఎత్తింది.

"అమ్మా, ఆ మైదానంలో రెండు లచ్చల మంది యాడ పడ్తారు? నాలుగువేలని సెప్పండి" అన్నాడు.

"మీరెవరు సార్?"

"మాధవయ్యను. నంద్యాల."

"ఏ మాధవయ్యగారు?"

ఆయన గొంతు తగ్గించి, "ఓనర్ను" అన్నాడు. అవతల నవ్వు వినబడింది. ఫోన్ పెట్టేశారు.

ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు. యాభై కిలోల సంచి అని చెప్పి నలభై కిలోలు పట్టే సంచి ఎవరికీ అమ్మి ఎరగడు. ఇప్పుడు తన పేరు మీద నాలుగువేలు రెండు లక్షలుగా అమ్ముడుపోతోంది.

మూడో నెలలో రెండో పార్టీవాళ్లు ఫిర్యాదు పెట్టారు. ముక్కుసూటి టీవీ యజమాని ఉత్తుత్తి మనిషని, అసలు యజమాని సుందరరాజేనని వాళ్ల ఆరోపణ. వాళ్ల 'తొలిగంట' పత్రిక ఈ సంగతిని మొదటి పేజీలో వేసింది. ఆ పత్రికకు యజమాని ఎవరో మాత్రం ఎక్కడా వేయలేదు. విచారణ చేయడానికి సుష్మ అనే అధికారిణిని పంపించారు. ఆమె హోటల్ గదికి పిలిపించుకోకుండా అంగడికే వచ్చి, గోనెసంచుల కట్ట మీద కూర్చుంది. ఆమె వచ్చే ముందు రెండు రోజులు శ్యాంసుందర్ మాధవయ్యకు జవాబులు బట్టీ పట్టించాడు.

"చానెల్ ఎవరిది మాధవయ్యగారూ?"

"నాదే తల్లీ."

"వార్తలు ఎవరు నిర్ణయిస్తారు?"

"నేనే. ఎవరి మాటా ఇనను."

"ఇంతవరకు మీరు నిర్ణయించిన వార్త ఒక్కటి చెప్పండి."

ఈ ప్రశ్న శ్యాంసుందర్ చెప్పిన వాటిలో లేదు. మాధవయ్య అతని వైపు చూశాడు. అతను టార్పాలిన్ మీది ధర చీటీ చదువుతున్నాడు.

"ఒక్కటి సెప్తి తల్లీ, నాలుగువేలని. వాళ్లు ఎయ్యలేదు" అన్నాడు మాధవయ్య.

సుష్మ అది రాసుకుంది. పదిహేను రోజుల గడువు ఇచ్చింది. ఆలోగా, వార్తల మీద నిర్ణయం యజమానిదేనని రుజువు చూపించాలి. ఆయన సంతకంతో ఇచ్చిన ఆదేశాలు, వాటి ప్రకారం ప్రసారమైన వార్తలు తనకు పంపించాలి. లేకపోతే చానెల్ అనుమతి పోతుంది.

ఆమె వెళ్లాక సుందరరాజు ఫోన్‌లో శ్యాంసుందర్‌ను తిట్టిన తిట్లు అంగడి బయటికి వినబడ్డాయి. తర్వాత శ్యాంసుందర్ ఆ ఫోన్ మాధవయ్యకు ఇచ్చాడు.

"శెట్టీ, పదైదు దినాలు నువ్వు నిజంగానే ఓనరువి. ఏదో ఒకటి ఏయించు. రెండు తలకాయల దూడనో, రథోత్సవమో. సంతకం బెట్టు, ఆయమ్మకు ఒక కాపీ బంపు. అర్థమాయెనా?"

"నిజంగానేనా అన్నా?"

"నిజంగానే."

శ్యాంసుందర్ ఒక రిజిస్టరు తెచ్చి ఇచ్చి, అందులో రాసిన ప్రతిదీ ఒక కాపీ హైదరాబాదుకు, ఒక కాపీ సుష్మకు పంపమన్నాడు. అంతేకాదు, ఫైలు నిండుగా కనబడాలని రాష్ట్రంలోని తమ విలేకరులందరికీ ఒక సర్క్యులర్ పంపాడు. ఇకపై ముఖ్యమైన వార్తలన్నీ నంద్యాలలో యజమాని మాధవయ్యగారి ఆమోదానికి పంపవలెను అని అందులో ఉంది. ఎవరూ పంపరని అతని నమ్మకం. విలేకరులకు అసలు యజమాని ఎవరో తెలుసు కదా.

ప్రభుదాసుకూ తెలుసు. అతను ఆళ్లగడ్డ విలేకరి. మిషన్ బడిలో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో వార్తలు పంపేవాడు. నాలుగు వారాల్లో అతని వార్త ఒకటి హైదరాబాదులో మూడుసార్లు ఆగిపోయింది. సర్క్యులర్ చూసి భార్య కృపమ్మకు చదివి వినిపించాడు. "ఉత్తదే గదా ఇది" అంది ఆమె. "ఉత్తదో గాదో పోయి అడుగుతా. నలభై కిలోమీటర్లే గదా" అని అతను నంద్యాల బస్సెక్కాడు.

అంగట్లోకి వచ్చి ఫోన్‌లో వీడియో చూపించాడు. ఆళ్లగడ్డ దాటాక దొర్నిపాడు దారిలో సుందరరాజు 'రాజహంస లేక్ సిటీ' అని వెంచర్ వేశాడు. లేక్ లేకుండా లేక్ సిటీ ఎట్లా అని ఒక గొయ్యి తవ్వించాడు. దాన్ని నింపడానికి కాలువకు పెద్ద పైపులు వేయించాడు. దిగువన దొర్నిపాడు వైపు పొట్టకొచ్చిన వరి ఎండిపోతోంది.

"ఇది సుందరరాజన్నదని దెల్సే తెచ్చినావా సారూ?" అన్నాడు మాధవయ్య.

"దెల్సు శెట్టిగారూ."

"మరి ఆయన టీవీకే ఇస్తాండావే?"

"ఈ కాగితంలో టీవీ మీదని ఉండాది. నాకొచ్చిన కాగితం ఇదే" అని సర్క్యులర్ చూపించాడు ప్రభుదాసు.

మాధవయ్య వీడియో మళ్లీ మొదటి నుంచి చూశాడు. చివరికి, "సరుకు సూడకుండా నేను యాపారం జెయ్యను. పోయి సూద్దాం పా" అని చెప్పులు తొడుక్కున్నాడు.

ఇద్దరూ ఆళ్లగడ్డకు బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో పోయారు. లేక్ సిటీలో ఇళ్లు ఒక్కటీ లేవు గానీ, నీళ్లలో తెల్లటి హంస ఆకారంలో నాలుగు పడవలు ఉన్నాయి. ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లనుకుని కాపలావాడు పడవ ఎక్కించబోయాడు. మాధవయ్య ఎక్కలేదు. పైపు దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూశాడు. నీళ్లు వేగంగా పోతున్నాయి. అక్కడి నుంచి దిగువకు పోతే కాలువలో బురద, ఇంకొంచెం పోతే ఆ బురద కూడా లేదు. ఒక మడి గట్టు మీద రామేశ్వరమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. మూడెకరాలు కౌలుకు చేస్తోంది.

"నువ్వూ టీవీవోడివేనా? ఈ సారు మూడుమాట్లు వొచ్చి వీడియో తీసుకోని పోయినాడు. యాడా రాలేదు. మీ టీవీ ఎవురిది?" అంది.

ప్రభుదాసు మాధవయ్యను చూశాడు.

"నాదేమ్మా" అన్నాడు మాధవయ్య. ఆ మాట అనడం ఆయనకు అదే మొదటిసారి కాదు. కానీ ఈసారి అన్నాక చెవులు వేడెక్కాయి.

"నీదైతే ఇన్నాళ్లు ఏం జేస్తాండావ్?"

 ఆయన ఎండిన వరిపోచ ఒకటి తుంపుకుని జేబులో పెట్టుకున్నాడు. అంగడికి వచ్చి రిజిస్టరు తెరిచి, 'దొర్నిపాడు నీళ్ల వార్త చూసితిని. నిజము. ప్రసారము చేయవలెను. మాధవయ్య' అని రాశాడు. చెప్పిన ప్రకారమే ఒక కాపీ హైదరాబాదుకు, ఒక కాపీ సుష్మకు పంపించాడు.

మరుసటి రోజు మధ్యాహ్నానికి సుందరరాజు అంగట్లో ఉన్నాడు. వెనకాల శ్యాంసుందర్, ముఖం చిన్నబుచ్చుకుని.

"ఏంది శెట్టీ ఇది? నా టీవీలో నా మీదే వార్తా?"

"మీ టీవీ అంటాండారు. ఆ ముక్క కాగితం మీద రాసియ్యండన్నా. ఇప్పుడే అన్నీ మీకు ఇడిసిపెడ్తా."

సుందరరాజు బల్ల మీది రిజిస్టరు తిప్పి చూశాడు. "ఆయమ్మకు పంపినావా?" అన్నాడు.

"శ్యాంసుందర్ సారే గదా పంపమన్నాడు."

సుందరరాజు వెనక్కి తిరిగి శ్యాంసుందర్‌ను చూసిన చూపుకు అతను పగ్గాల చుట్టల వెనక్కి జరిగాడు.

"ఇట్ల రా శెట్టీ. వార్త నాది గాదు, పొరపాటున పంపితినని ఆయమ్మకు రాసెయ్. లేదంటే రేప్పొద్దునకు గోడౌన్ ఖాళీ జెయ్. రెండిట్లో ఏదో ఒకటి సెప్పు, నాకు బేగా బోవల్ల."

 ధైర్యవంతుడనిపించుకోవాలని మాధవయ్యకు ఏనాడూ లేదు. రాసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఆయన ఏదో అనబోయేలోగా మహానందమ్మ కాఫీ గ్లాసులతో మెట్లు దిగి వచ్చింది.

"గోడౌన్ ఖాళీ జేస్తాం లే అన్నా. సంచులు ఇంట్లో ఏసుకుంటాం. ఈయప్ప సూసింది సూడలేదని రాస్తే తెల్లార్లూ కుర్చీలో కూసుంటాడు. నాకూ నిద్ర ఉండదు. కాఫీ తాగండి, సల్లారిపోతాది."

సుందరరాజు కాఫీ తాగాడు. తాగుతూ ఆలోచించాడు. వార్త వేస్తే ఒక చెరువు పోతుంది. వేయకపోతే యజమాని ఉత్తుత్తివాడని తేలి చానెల్ పోతుంది. గ్లాసు కింద పెట్టి, "ఎయ్యి. ఏ టైముకు ఏస్తారో అది నేను జూసుకుంటా" అని కారెక్కాడు.

వార్త మధ్యాహ్నం రెండు నలభైకి, సిమెంటు ప్రకటనకూ రాశిఫలాలకూ మధ్యన, నిమిషం కన్నా తక్కువసేపు వచ్చింది. సుందరరాజు పేరు రాలేదు. 'ఒక ప్రైవేటు వెంచర్' అన్నారు. కానీ రామేశ్వరమ్మ గొంతు వచ్చింది, పైపు కనబడింది, పక్కన హంస పడవ కూడా కనబడింది. దొర్నిపాడు వాళ్లు దాన్ని ఫోన్లలో వీడియో తీసుకుని ఒకరికొకరు పంపుకున్నారు. సాయంత్రానికి చాగలమర్రి బస్సుల్లో కూడా జనం అదే చూస్తున్నారు. మరుసటి పొద్దున 'తొలిగంట' పత్రికలో పూర్తి పేరుతో ఏడు కాలమ్‌ల వార్త వచ్చింది.

అప్పుడు సుందరరాజు తన పనితనం చూపించాడు. చెరువు గట్టు మీదే విలేకరుల సమావేశం పెట్టి, పైపులు తీయించేశానని, కూలీలు తెలియక వేశారని చెప్పాడు. "నా మీద వార్త ఏసిన ముక్కుసూటి టీవీకి నా అభినందనలు. ఆ చానెల్ నాదని నింద ఏసినోళ్లు ఇప్పుడు ఏం సెప్తారు? పత్రికా స్వేచ్ఛ కోసం నా ప్రాణమైనా ఇస్తా" అన్నాడు. ఆ సమావేశాన్ని ముక్కుసూటి టీవీ రోజంతా చూపించింది. మహానందమ్మ చూసి, "ప్రాణం సంగతి తర్వాత, మన గోడౌన్ సంగతి అడగండి" అంది. అడగాల్సిన పని లేకపోయింది. సుందరరాజు సరుకు బయట పెట్టించి తాళం మార్చేశాడు. ముందు గదిలో, మెట్ల మీద, పూజగది పక్కన గోనెసంచుల కట్టలు చేరాయి. ఇల్లంతా జనపనార వాసన.

సుష్మ నివేదిక ఇచ్చింది. స్వతంత్ర యాజమాన్యానికి ముక్కుసూటి టీవీ మంచి ఉదాహరణ అని అందులో రాసింది. చానెల్‌కు పదేళ్ల అనుమతి వచ్చింది.

అనుమతి వచ్చిన తొమ్మిదో రోజున శ్యాంసుందర్ మళ్లీ కాగితాలు తెచ్చాడు. మాధవయ్య వదులుకున్నట్టు సంతకాలు పెట్టాలి.

"ఇప్పుడు ఓనరు ఎవురు సారూ?" అన్నాడు మాధవయ్య.

"నల్లమలలో ఒక స్వామివారండి. పన్నెండేళ్ల మౌనదీక్షలో ఉన్నారు. ఇంకా పదకొండేళ్లు ఉంది."

మాధవయ్య అన్ని పేజీలూ చదివి సంతకం పెట్టాడు. బరువు దిగినట్టుంటుందని అనుకున్నాడు గానీ అట్లా అనిపించలేదు. ఆ సాయంత్రం అలవాటుగా రిమోట్ తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. జీవితంలో ఒక్కసారి తన మాటకు నీళ్లు కదిలాయి. ఇక ఆ మాట లేదు.

కోతలయ్యాక రామేశ్వరమ్మ వడ్లకు సంచులు కొనడానికి అంగడికి వచ్చింది. మూడెకరాల్లో రెండెకరాలు దక్కాయట. టీవీ ఊసే ఎత్తలేదు. ఒక్కో సంచి ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, రెండు పక్కన పారేసి, అరగంట బేరం చేసి తీసుకుపోయింది. ఆమె పోయాక మాధవయ్య చాలా రోజులకు నవ్వాడు.

ప్రభుదాసు గుర్తింపు కార్డును హైదరాబాదువాళ్లు వెనక్కి తీసుకున్నారు. 'తొలిగంట' వాళ్లు వెంటనే పిలిచి ఉద్యోగం ఇచ్చారు. మూడు వారాలు సుందరరాజు మీద ఏది రాసినా వేశారు, రాయనివి కూడా అతని పేరుతో వేశారు. నాలుగో వారం అతను నంద్యాల వచ్చి అంగట్లో కూలబడ్డాడు.

"ఏమాయె సారూ?"

"చాగలమర్రిలో బస్సుల కోసం ఇడిసిన జాగాలో ఒకాయన దాబా కట్టినాడు శెట్టిగారూ. జనం ఎండలో నిలబడ్తాండారు. రాసి పంపితి. ఎయ్యలేదు."

"ఆ దాబా ఎవురిది?"

"రెండో పార్టీ ఆయనది."

"పేపరు?"

"ఆయనదే. కానీ కాగితం మీద ఆయనది గాదు గదా. కనుక్కుంటి. పాణ్యంలో బెన్నీ సారని రిటైరైన డ్రిల్లు మాస్టరు పేరు మీద ఉండాది."

మాధవయ్య చేతిలోని పగ్గం చుట్ట పక్కన పెట్టాడు. "పాణ్యానికి బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

బెన్నీ సారు ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. డెబ్బై దాటినా నిటారుగా ఉన్న మనిషి. మాధవయ్య తానెవరో చెప్పి, సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. బెన్నీ సారు మొక్కలకు నీళ్లు పోస్తూనే విన్నాడు. అంతా విని, కొళాయి కట్టేసి, లోపలికి కేకేశాడు.

"ఎలిజబెత్, ఆ పార్టీ పిల్లోళ్లు ఇచ్చిపోయిన కాగితాలు యాడ బెట్టినావు?"

"బియ్యం డబ్బా మీద ఉండాయి సూడు" అంది ఆయన భార్య.

ఆయన కాగితాలు తెచ్చి, దుమ్ము దులిపి, అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తిప్పాడు.

"దీన్లో నేను ఏం జెయ్యొచ్చో యాడ రాసుండాది?" అన్నాడు.

మాధవయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మూడో పేజీ సూడండి సారూ" అన్నాడు.